పెంచినవారి హక్కు ఎంతవరకు?

ఒక ఇంటి పెరట్లో నిమ్మచెట్టు ఉంది. దాని కాయలు ఎవరివి? ఈ ప్రశ్న తరగతిలో అడిగి చూడండి. పిల్లలంతా ఒకే గొంతుతో "ఆ ఇంటోళ్ళవి" అంటారు. ఎందుకని అడిగితే "వాళ్ళు పెంచారు కాబట్టి" అంటారు. అక్కడ ఆగకుండా ఇంకో ప్రశ్న వేయండి. కొండ మీది ఇప్పచెట్టును ఎవరు పెంచారు? దాని పువ్వు ఎవరిది? ఇప్పుడు గొంతులు విడిపోతాయి. ఒకరు ఎవరిదీ కాదంటారు. ఒకరు అందరిదీ అంటారు. ఇంకొకరు సర్కారుదంటారు. వెనక బెంచీలోంచి ఎవరో "మా అవ్వ ఏరేది, మాదే" అంటారు. మొదటి ప్రశ్నకు చిటికెలో జవాబిచ్చిన పిల్లలు రెండోదాని దగ్గర తడబడ్డారు. ఆ తడబాటు వాళ్ళది మాత్రమే కాదు. మన పెద్దలు కచేరీల ముందు, గార్డుల ముందు నిలబడి తడబడింది కూడా సరిగ్గా అక్కడే. అందుకే ఈ ప్రశ్నను కొంచెం నెమ్మదిగా ఆలోచిద్దామనుకున్నాం.

నిమ్మనే ఎందుకు ఎంచుకున్నామంటే, అది మన చెట్లలో కొంచెం వేరు. ఇప్ప, తునికి, మారేడు, ఉసిరి, జీలుగు, ఇవేవీ మన చేతి నీళ్ళ కోసం ఎదురుచూడవు. మనం పుట్టకముందు నుంచీ ఉన్నాయి, మనం పోయాక కూడా ఉంటాయి. నిమ్మ అలా కాదు. ఎవరో ఒకరు పూనుకొని పెంచితేనే అది పెరట్లో నిలుస్తుంది. కొత్త పండుగలు చేసుకునే మన గూడేల్లో మామిడికి కొత్త ఉంది, చిక్కుడుకు కొత్త ఉంది, కందికి కొత్త ఉంది. ఊరంతా కలిసి దేవరకు పెట్టేదాకా ఆ పంట నోట పెట్టని కట్టుబాటు ఉంది. మేము తిరిగిన గూడేల్లో నిమ్మకు అలాంటి కొత్త ఎక్కడా చూడలేదు. అది ఊరి చెట్టు కాదు, ఇంటి చెట్టు. "నాది" అనే మాట దాని దగ్గర సులువుగా నోట్లోకి వస్తుంది.

ఆ మాట వెనక ఎంత పని ఉందో ముందు చూద్దాం. పని తెలియకుండా హక్కు గురించి మాట్లాడితే గాలి మాటలవుతాయి.

పండిన కాయలోంచి గింజలు తీసి, జిగురు పోయేలా కడిగి, ఎండనివ్వకుండానే నాటాలి. ఎండి వాడిపోయిన నిమ్మగింజ మొలవడం కష్టం. ఒక్కోసారి ఒక్క గింజలోంచి రెండు మూడు మొలకలు వస్తాయి. పిల్లలకు ఇది చూపించాలి. అలా వచ్చిన వాటిలో ఎక్కువ మొలకలు పూర్తిగా తల్లిచెట్టు పోలికే, వేరే పుప్పొడి కలవనివి. అందుకే మన తెలుగు నేలలో చాలామంది రైతులు నిమ్మను ఇప్పటికీ గింజ నుంచే పెంచుతారు. ముళ్ళు ఎక్కువ ఉంటాయి, కాపుకు ఆలస్యం అవుతుంది, అయినా తల్లి గుణం పోదు. గింజమొక్క కాయడానికి నాలుగైదేళ్ళు, ఒక్కోచోట ఇంకా ఎక్కువ పడుతుంది. అంటుమొక్క అయితే మూడో ఏటికే నాలుగు కాయలు చూపిస్తుంది.

వానలు మొదలయ్యాక, సగం రోజుకు పైగా ఎండ తగిలే చోట, మూడడుగుల గుంత తీసి, పైమట్టిలో బాగా చివికిన పెంటఎరువు కలిపి నింపాలి. మనవాళ్ళు చాలామంది స్నానాల గడి పక్కన నాటుతారు, వాడిన నీళ్ళు వృథా పోవని. ఆలోచన మంచిదే, కానీ నిమ్మకు నిలవ నీరు పడదు. మొదట్లో నీరు నిలిస్తే కాండం మీద బంక కారుతుంది, బెరడు కుళ్ళుతుంది, వేరు చస్తుంది. అందుకే మొదలు చుట్టూ కాస్త మట్టి ఎగదోసి, పాదు దానికి దూరంగా చేయాలి. మొదటి ఏళ్ళలో ఎండాకాలం రోజు విడిచి రోజు ఒక బిందె పోయాలనుకుందాం. మాఘం చివర నుంచి వానలు పడేదాకా నాలుగు నెలలు. అంటే ఏటికి 60 బిందెలు. నాలుగేళ్ళకు 240 బిందెలు. ఊట ఇంటికి దగ్గరున్న ఊళ్ళో ఇది లెక్కలోకి రాకపోవచ్చు. చెలమ తవ్వి గిన్నెతో తోడుకునే ఊళ్ళో, గట్టెక్కి గట్టు దిగి మోసే ఊళ్ళో, ఈ 240 బిందెలూ ఒక ఆడమనిషి మెడ నరాలకు తెలుసు.

ఇక పురుగు. లేత చిగురు వేసిన వారానికే ఆకుల మీద పిట్ట రెట్టలాంటివి కనిపిస్తాయి. రెట్టలు కావవి, నిమ్మ సీతాకోకచిలుక పిల్లపురుగులు. పెద్దవయ్యాక ఆకుపచ్చగా మారి ఆకులో కలిసిపోతాయి. ముట్టుకుంటే తల దగ్గర నుంచి నారింజ రంగు కొమ్ముల్లాంటివి బయటపెట్టి ఘాటు వాసన వదులుతాయి. చిన్న మొక్కను రెండు మూడు రోజుల్లో మోడు చేయగలవు. చేత్తో ఏరేయడమే పెరటి మొక్కకు సరైన మందు. సీతాకోకచిలుకను చూసి మురిసిపోయే పిల్ల, దాని పురుగును చంపాలా అని అడిగితే టీచరు ఏం చెప్పాలి? ఒకటి రెండు పురుగుల్ని పెరటి అవతల కరివేపాకు మొక్క మీదో, మారేడు మీదో వదలమనొచ్చు. అవి వాటినీ తింటాయి. ఇది పూర్తి జవాబు కాదు. పెంచడం అంటేనే ఒకదాన్ని ఎంచుకుని ఇంకొకదాన్ని తోసిపుచ్చడమని ఆ పిల్ల అప్పుడే చూస్తుంది. చూడనివ్వండి.

ఇంత చేశాక, ఆకుల మీద గజ్జి మచ్చలు వచ్చి పోయాక, మేకలు రెండుసార్లు మేశాక, ఐదో ఏట తెల్లటి పూత కనబడితే "ఇది నాది" అనడంలో తప్పేముంది? ఏమీ లేదు. కానీ ఆ మాటను ఒక పెద్ద సిద్ధాంతంగా నిలబెట్టినవాళ్ళు ఉన్నారు, దాని సంగతి మనం తెలుసుకోవాలి.

ఇంగ్లాండులో జాన్ లాక్ అనే తత్వవేత్త ఉండేవాడు. 1689లో వెలువడిన ప్రభుత్వాన్ని గురించిన తన పుస్తకంలో ఆయన చెప్పిన సంగతి టూకీగా ఇది. భూమి, దాని మీది పండ్లు, జంతువులు మొదట అందరివీ. మనిషి ఒళ్ళు మాత్రం అతని సొంతం. కాబట్టి అతని ఒంటి కష్టం దేనిలో కలుస్తుందో అది అతని సొంతమవుతుంది. అడవిలో రాలిన గింజలు ఏరుకున్నవాడికి ఆ గింజలు, జింకను వేటాడిన ఆదివాసికి ఆ జింక. ఇక్కడిదాకా వింటే మన అవ్వ మాట్లాడినట్టే ఉంటుంది. ఆయన రెండు షరతులు కూడా పెట్టాడు. ఇతరులకు సరిపడా, అంతే మంచిది, మిగిలి ఉండాలి. తీసుకున్నది పాడుచేయకూడదు. నిమ్మచెట్టు కింద కాయలు కుళ్ళిపోతున్నా కంచె తలుపు తీయనివాణ్ణి లాక్ కూడా ఒప్పుకోడన్నమాట.

కానీ అదే అధ్యాయం ఇంకా ముందుకు పోతుంది. గింజ ఏరితే గింజ సొంతమవుతుంది. భూమి సొంతం కావాలంటే మాత్రం దున్నాలి, నాటాలి, బాగుచేయాలి. అలా చేయని భూమి ఆయన లెక్కలో వృథాగా పడి ఉన్న బీడు. దానికి ఉదాహరణగా ఆయన చూపింది అమెరికాను, అక్కడి మూలవాసుల నేలను. అమెరికాలోని కరోలినా వలస యజమానులకు ఆయన కొన్నేళ్ళు కార్యదర్శిగా పనిచేశాడు కూడా. వేటాడే మనిషికి జింక దక్కింది, జింక తిరిగే నేల దక్కలేదు. ఏరుకునే మనిషికి పువ్వు దక్కింది, చెట్టున్న కొండ దక్కలేదు.

ఈ వాదం మన కొండలకు ఏ పుస్తకంలోంచి వచ్చిందో వెతకనక్కర్లేదు. 1882 మద్రాసు అటవీ చట్టంతో అడవులకు రిజర్వు గీతలు పడ్డప్పుడు, గీత గీసేవారి కళ్ళకు పొలం గట్టు కనిపించింది, ఇంటి పెరడు కనిపించింది. పోడు కొట్టి రెండు మూడేళ్ళు పండించి, నేలకు బలం రావడానికి వదిలిపెట్టిన చెలక మాత్రం ఖాళీగా కనిపించింది. వదిలిపెట్టడం కూడా సేద్యంలో ఒక భాగమేనని, ఆ నేల పడుకుని లేస్తుందని మన పెద్దలు చెప్పగలరు. వినే చెవి కావాలి కదా. ఇప్పచెట్టు సంగతీ అంతే. పువ్వు రాలే రోజుల ముందు చెట్టు కింద చెత్త ఊడ్చి నేల శుభ్రం చేస్తారు. ఏ చెట్టు కింద ఏ ఇంటివాళ్ళు ఏరుకోవాలో చాలా ఊళ్ళలో పెద్దలకు తెలుసు. పొలం ఒకరిదై, అందులోని చింతచెట్టు ఇంకొకరిదైన ఊళ్ళూ ఉన్నాయి. ఎవరూ నీళ్ళు పోయలేదు, ఎవరూ పాదు చేయలేదు, అయినా హక్కు ఉంది, బాధ్యత ఉంది, హద్దు ఉంది. "పెంచావా?" అని ఒక్క ప్రశ్న మాత్రమే అడిగితే ఇవన్నీ జల్లెడలోంచి జారిపోతాయి.

మరైతే "పెంచినవాడిదే" అనే మాటను మనం వదిలేయాలా? ఆ మాట తొందరపడి అనకూడదని మా అభిప్రాయం. 2006 అటవీ హక్కుల చట్టం కింద మనవాళ్ళు పట్టా కోసం అడిగినప్పుడు ఆసరా అయింది ఆ మాటే. 2005 డిసెంబరు 13కు ముందు నుంచీ ఆ నేల మన సాగులో ఉందని చూపాలి. చదును చేసిన చేను, వేసిన గట్టు, కట్టుకున్న ఇల్లు, తవ్విన బావి సాక్ష్యాలుగా నిలుస్తాయి. అడిగినవాళ్ళు కాక ఊరి పెద్దలు చెప్పి రాయించిన మాట కూడా చెల్లుతుంది. ఇవన్నీ "మేము చేశాం, మేము పెంచాం" అనే రుజువులే. అంటే ఒకే మాట ఒకప్పుడు మన కొండను మన చేతిలోంచి తీసింది, ఇంకొకప్పుడు మన చేను మన చేతికి ఇచ్చింది. చదువుకుంటున్న పిల్లలు ఈ రెంటినీ కలిపి చూడాలి. ఒక్కదాన్నే చూసి ఆవేశపడితే సగమే తెలిసినట్టు.

ఆ చట్టంలోనే ఇంకో మాట కూడా ఉంది, దాన్ని మనం తక్కువగా పలుకుతున్నాం. ఊరివాళ్ళు తరతరాలుగా కాపాడుతూ వస్తున్న సామూహిక అడవిని కాపాడే, తిరిగి మొలిపించే, సంరక్షించే, నిర్వహించే హక్కు. ఇక్కడ హక్కు దున్నడం వల్ల రాలేదు, కాపాడటం వల్ల వచ్చింది. సాగు చేసిన నేల పట్టాకు కూడా ఆ చట్టం ఒక షరతు పెట్టింది. పిల్లలకు వారసత్వంగా ఇవ్వొచ్చు, అమ్మడానికి వీల్లేదు. పెళ్ళైనవాళ్ళకైతే భార్యాభర్తలిద్దరి పేరా ఉంటుంది. పెంచినవాడికి హక్కు ఉంది, ఆ హక్కుకు ఒక గట్టు కూడా ఉంది.

కాపాడటం కూడా పెంచడమేనా అని ఎవరైనా అడిగితే నిమ్మజాతి చెట్ల నుంచే ఒక ఉదాహరణ చెప్పొచ్చు. ఈ నారింజ, నిమ్మ, మాదీఫలం జాతుల పుట్టినిల్లు హిమాలయాల తూర్పు చివరి కొండలు, మన ఈశాన్య రాష్ట్రాలు, దానికి ఆనుకుని ఉన్న బర్మా, చైనా కొండల ప్రాంతం. మన పెరటి నిమ్మ కూడా అలాంటి పాత జాతులు కలిసి పుట్టినదే, అందులో ఒక తాత మాదీఫలం. మేఘాలయలో గారో కొండలున్నాయి. అక్కడి గారో ఆదివాసులు ఒక అడవి నారింజను మెమాంగ్ నారంగ్ అంటారు. చనిపోయినవారి ఆత్మల నారింజ అని అర్థం. మనిషి పోయినప్పుడు చేసే కార్యాల్లో దాన్ని వాడతారు. తోటలు వేసి పెంచిన చెట్టు కాదది. దాని చోటును దానికి వదిలి, గౌరవం పెట్టుకున్నారు. ఇవాళ ఆ కొండల్లోని నోక్రెక్ ప్రాంతంలో నిమ్మజాతుల జన్యువులను కాపాడే అభయారణ్యం ఉంది. నిమ్మ, నారింజ తోటలకు రేపు ఏదైనా తెగులు వచ్చి తట్టుకునే గుణం కావాల్సి వస్తే శాస్త్రవేత్తలు వెతకబోయేది అలాంటి అడవి జాతుల్లోనే. బిందె ఎత్తి నీళ్ళు పోయకుండా, నరకకుండా ఉండిపోయినవాళ్ళు నిమ్మజాతికి చేసిన మేలు, తోట వేసినవాళ్ళు చేసిన మేలుకు తక్కువా? లాక్ లెక్కలో ఆ మేలుకు పద్దు లేదు.

సరే, కొండ దిగి పెరట్లోకి వద్దాం. ఇక్కడ ఇంకో చిక్కుంది. ఆదివాసులకు నీది నాది అనే తేడా లేదని, అంతా పంచుకుతింటారని రాసే పుస్తకాలున్నాయి. అలా పొగిడేవాళ్ళు పెద్దగా పెరట్లోకి వచ్చి చూసినట్టు లేరు. 40 ఇళ్ళ గూడెంలో ఒక ఒంటరి ఆడమనిషికి ఒకే ఒక్క నిమ్మచెట్టు ఉందనుకోండి. "అత్తా, రెండు కాయలే" అని ఇంటికొకరు వస్తే 80 కాయలు. ఎండాకాలంలో సంతలో నిమ్మకు మంచి ధర పలుకుతుంది. వాటాలు పెట్టి అమ్ముకుంటే ఆ వారం ఉప్పు, నూనె, సబ్బు వెళ్ళిపోతాయి. మన దగ్గర పంచుకోవడం అనే మంచిమాట కింద చాలాసార్లు పోయేది మోసినవాళ్ళ కష్టమే, అందులోనూ ఆడవాళ్ళ కష్టం. ఈ విషయంలో మేము ఆ అత్త పక్షం. ఆమె "లేవు, సంతకు పెట్టుకున్నాను" అంటే పిసినారి అని పేరు పెట్టే హక్కు ఎవరికీ లేదు.

అయితే అదే అత్త, పొరుగింట్లో విరేచనాలతో పిల్లాడు వాలిపోయాడని తెలిస్తే అడగకుండానే కాయలు కోసి పంపిస్తుంది. బాలింత ఉన్న ఇంటికి, చోడి అంబలిలోకి నంజుకోవడానికి ఊరగాయ కూడా లేని ముసలాయనకు పంపిస్తుంది. ఆకుకూరలో, చోళ్ళలో ఉన్న ఇనుము ఒంటికి పట్టాలంటే నిమ్మరసం సాయపడుతుందని ఆరోగ్య కార్యకర్తలు చెబుతారు. రక్తం తక్కువున్న ఆడపిల్లలు ఇన్నిమంది ఉన్న మన ఊళ్ళలో ఇది చిన్న మాట కాదు. ఇక్కడ కాయ మీద ఆమె హక్కు పోలేదు. అవసరం వచ్చి ఆ హక్కు పక్కన నిలబడింది, ఆమె దానికి చోటిచ్చింది. తీసుకోవడం వేరు, ఇవ్వడం వేరు. దొంగతనంగా కోసుకుపోయిన పది కాయలూ, చేతికిచ్చిన పది కాయలూ పులుపులో ఒకటే, ఊరి బతుకులో ఒకటి కావు.

ఇంకో పద్ధతి కూడా కొన్ని ఇళ్ళ మధ్య చూశాం, అది మాకు బాగా నచ్చింది. ఎండాకాలంలో తన బిందెతో పాటు పొరుగు చెట్టుకు కూడా ఒక బిందె పోసినవాళ్ళు, పెంట గంప తెచ్చి పాదులో వేసినవాళ్ళు, కాయ కోసుకోవడానికి అడగరు. ఆ ఇంటివాళ్ళు అడగమని అనరు. చెట్టు ఎవరి పెరట్లో ఉందో మారలేదు, పెంచేవాళ్ళు మాత్రం ఇద్దరయ్యారు. సేటుకు పూత మీదే చింతకాపు ఇచ్చేసి, ముందు డబ్బు తీసుకుని, కాయ పండేసరికి తన చెట్టు కిందే కూలికి ఏరుకునే పరిస్థితి మనకు తెలుసు. దాని పక్కన దీన్ని పెట్టి చూడండి. సేటు ఒక్క బిందె పోయలేదు, కానీ కాగితం అతని దగ్గరుంది.

చెట్టు గురించి ఇంతసేపు మాట్లాడి పిల్లల గురించి మాట్లాడకపోతే అసలు సంగతి దాటేసినట్టే. "పెంచాం కాబట్టి మాది" అనే మాట ఎక్కువగా వినిపించేది నిమ్మచెట్ల దగ్గర కాదు, పిల్లల దగ్గర. పదో తరగతి తప్పిన అమ్మాయికి పెళ్ళి కుదిర్చేటప్పుడు ఇంట్లో వినిపిస్తుంది. అబ్బాయి ఇంటర్ మానేసి కూలికి పోవాలన్నప్పుడు వినిపిస్తుంది. బడి వైపు నుంచీ వినిపిస్తుంది. తిండి పెట్టాం, బట్టలిచ్చాం, చదువు చెప్పాం కాబట్టి నీ భాష గేటు బయట వదిలేయి, నీ ఇంటి పేరును మేము పలకగలిగేలా మార్చి రాస్తాం.

విచిత్రమేమిటంటే లాక్ కూడా ఇక్కడ ఆగిపోయాడు. కష్టం కలిపినది సొంతమన్న మనిషి, పిల్లల దగ్గరకు వచ్చేసరికి, కన్నందుకు పెంచినందుకు వాళ్ళు తల్లిదండ్రుల సొంతం కారన్నాడు. పిల్లలకు ఇంకా తెలివి రాని కాలంలో వాళ్ళ మేలు కోసం పెద్దలకు అధికారం ఉంటుంది, ఆ కాలం దాటాక అది ఉండదన్నాడు. మంచిదే. అయితే ఆయన గీసిన గీత ఒకవైపు మనిషి, రెండోవైపు వస్తువులు అన్నట్టుంది. నిమ్మచెట్టు వస్తువా? బల్ల చేసినవాడు బల్లను విరగ్గొట్టుకోవచ్చు. నిమ్మచెట్టు మన చేతిలో పుట్టలేదు. మనం నీళ్ళు తెచ్చాం, వేళ్ళు వేసింది అది. ఎండలో ఆకు విప్పింది అది. పిల్లలంత కాకపోయినా అదీ తన పని తాను చేసుకునే ప్రాణమే. కాబట్టి బల్లకూ బిడ్డకూ మధ్యలో చాలా ఉన్నాయి. చెట్టు, ఆవు, చేను, కొండ అన్నీ ఆ మధ్యలో ఉంటాయి. మన పెద్దలు చెట్టు నరికేముందు దండం పెట్టుకోవడాన్ని మూఢనమ్మకం అని టీచర్లు తీసిపారేయకుండా ఉంటే బాగుంటుంది. ఇది పూర్తిగా నాది కాదని ఒప్పుకోవడం ఆ దండంలో ఉంది.

అంటుకట్టే పని తెలిసినవాళ్ళకు ఇంకో సంగతి తెలుసు. జంబేరి లాంటి మొరటు నిమ్మను అడుగున పెంచి, దాని మీద మేలురకం మొగ్గను అతికిస్తారు. వేరు మొరటుదానిది, కాయ మేలుదానిది. అతుకు కింద నుంచి కొత్త చిగురు వస్తే వెంటనే గిల్లేయాలి, లేకపోతే అడుగు మొక్క పైదాన్ని మింగేస్తుంది. తోటమాలి చేసేది సరైన పనే. ఆశ్రమ పాఠశాలల్లో చాలాకాలం పిల్లల మీద జరిగింది దాదాపు ఇదే. వేరు బలం కావాలి, కొండ ఎక్కే కాళ్ళు కావాలి, ఓర్పు కావాలి. కానీ వేరు నుంచి వచ్చే చిగురు, అంటే కువి మాట, కోయ పాట, సవర కథ, ఎప్పటికప్పుడు గిల్లేయాలి. పిల్లల్లో తోటమాలి భయానికి ఆధారం లేదు. ఇంటి భాష పెరిగితే తెలుగు ఎండిపోదు. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 2004 ప్రాంతంలో సవర, కోయ, కొండ, కువి, ఆదివాసీ ఒడియా, బంజారా, గోండి, కొలామి అనే ఎనిమిది భాషల్లో చిన్న తరగతులకు చదువు మొదలుపెట్టింది ఈ నమ్మకంతోనే. పిల్లవాడు ముందు తన భాషలో చదవడం నేర్చి, దాని మీద నిలబడి తెలుగులోకి వస్తాడు. అంటుమొక్క కన్నా గింజమొక్కకు దగ్గరి పద్ధతి ఇది. ఆలస్యం ఉంటుంది, ముళ్ళూ ఉంటాయి. తొందరపడే అధికారికి, మార్కులు లెక్కపెట్టే తల్లిదండ్రులకు ఓపిక పట్టదు.

తల్లిదండ్రుల వైపు కూడా ఒక మాట అనాలి. చదివించిన కొడుకు పట్నంలో ఉద్యోగం వచ్చాక ఊరివైపు చూడకపోతే, "మేము పెంచాం" అని వాళ్ళు బాధపడటం హక్కు కోసం వేసిన దావా కాదు. ఆ బాధకు పిల్లల దగ్గర జవాబు ఉండాలి. పెంచినవారికి బిడ్డ మీద యాజమాన్యం లేదంటే, బిడ్డకు వారి మీద బాధ్యత లేదని కాదు. ఈ రెండో సగం యువకులు తరచుగా మరచిపోతారు, మొదటి సగం మాత్రం బాగా గుర్తుంచుకుంటారు.

టీచర్లు ఈ వానాకాలం బడి ఆవరణలో నిమ్మ నాటించాలనుకుంటే గుంత తీయకముందే తరగతిలో కూర్చోబెట్టి కొన్ని సంగతులు తేల్చుకోమనండి. ఆరో తరగతిలో గింజ నాటిన పిల్లలు పదో తరగతి అయ్యేసరికి పూత చూస్తారో లేదో చెప్పలేం. కాయలు తినేది బహుశా ఇప్పుడు రెండో తరగతిలో ఉన్నవాళ్ళు. ఆ కాయలు వంటగదికి పోవాలా, జ్వరం వచ్చిన పిల్లలకు ఉంచాలా, సంతలో అమ్మి నోటుపుస్తకాలు కొనాలా? నాటి వెళ్ళిపోయినవాళ్ళు ఎప్పుడైనా తిరిగి వస్తే వాళ్ళకు అడగకుండా కోసుకునే వీలు ఉండాలా? వీటికి పిల్లలు మనకన్నా మంచి జవాబులు చెప్పొచ్చు. అన్నిటికన్నా ముందు తేలాల్సిన ప్రశ్న మాత్రం ఇంకొకటి. వేసవి సెలవులకు అందరూ ఊళ్ళకు పోయాక, బడి గేటుకు తాళం పడ్డాక, ఏప్రిల్ చివర నుంచి జూన్ దాకా ఆ మొక్కకు రోజు విడిచి రోజు ఆ బిందె ఎవరు పోస్తారు? పక్క గూడెంలోని ఇంటివాళ్ళు పోస్తామంటే, కాయల్లో వాళ్ళ వాటా ఎంతో కూడా ఆ రోజే పలకపై రాసి పెట్టండి.